చేతులెత్తిన టైంటేబుల్

నర్సంపేట దారిలోని ఒక సర్కారు హైస్కూల్లో ప్రజాస్వామ్యం ప్రవేశపెట్టబడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇన్నాళ్లూ హెడ్మాస్టర్ నయీముద్దీన్ గారు ఒక్కరే కూర్చుని టైంటేబుల్ వేసేవారు, ఒక్కరే తిట్లు తినేవారు. ఈసారి తిట్లు కూడా సమష్టిగా తిందామని నిశ్చయించారు. తనంత ఉదారుడు జిల్లాలో మరొకడు ఉంటాడని ఆయనకు నమ్మకం లేదు.

సర్వసభ్య సమావేశం ఘనంగా జరిగింది. టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రులు, మధ్యాహ్న భోజనం వండే మల్లక్క కూడా వచ్చారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో పిల్లలకు ముందే చెప్పి ఉంచడంతో హెడ్మాస్టర్ గారి ఉపన్యాసం బాగా రక్తి కట్టింది.

పదో తరగతి శ్రావణి లేచింది. "సార్, లెక్కలు పొద్దుగాల మొదటి పీరియడ్ పెట్టుండ్రి. మధ్యాహ్నమైతే తలకెక్కుతలేదు. ఈ ఆర్నెల్ల పరీక్షల తప్పితే మా అమ్మ బడి బంద్ చేసి మిరపకాయ ఏరనీకి తోలుకపోతా అంటాంది."

నయీముద్దీన్ గారి కళ్లు చెమర్చాయి. లెక్కల పోస్టు ఖాళీ కాబట్టి ఆ లెక్కలు చెప్పేది ఆయనే. వెంటనే ఆమోదించారు.

చిన్న ఇబ్బంది ఒకటి మిగిలింది. సార్లూ మేడమ్‌లూ హనుమకొండ నుంచి ఓంప్రకాశ్ సార్ కారులోనే వస్తారు. హెడ్మాస్టర్ గారిదీ అందులోనే ముందు సీటు. అనసూయ మేడమ్ కొడుకు తన ప్రైవేటు బడి బస్సెక్కనిదే ఆ కారు కదలదు. కారు వచ్చేసరికి మొదటి పీరియడ్ ఎప్పుడో అయిపోతుంది.

"ప్రార్థననే జర పొడుగు చేద్దాం సార్. పిల్లలు ఎక్కాలు సదువుతాంటరు. లెక్కలు పొద్దుగాల పెట్టినట్టే అయితది" అన్నారు ఓంప్రకాశ్. పోనీ సాయంత్రం చెబుదామంటే, హెడ్మాస్టర్ గారు ముందే బయలుదేరి తన కూతురు ఆసిమాను లెక్కల ట్యూషన్‌లో దింపాలి. అందుకని చివరి పీరియడ్ గ్రంథాలయానికి కేటాయించారు. గ్రంథాలయమంటే ఒక బీరువా, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. సార్ చెప్పారు కదా అని శ్రావణి కూడా ఎత్తింది.

ఆ రోజు నుంచి కారు వచ్చేదాకా బడంతా ఎండలో నిలబడి ఎక్కాలు వల్లించింది. చెప్పించేది శ్రావణే. తనిఖీకి వచ్చిన అధికారి ఇది జిల్లాకే ఆదర్శమని మెచ్చుకుని, ఎండకు తాళలేక తొందరగా వెళ్లిపోయారు.

అర్ధవార్షిక పరీక్షలు అయ్యాయి. ఒకనాడు ఆసిమా ట్యూషన్ వాళ్లు వేళ మార్చామని కబురు పెట్టారు. కారులోనే నయీముద్దీన్ గారు ఫోనందుకున్నారు. "పిల్లల జిందగీతోని ఆటలాడుతాన్రా? మమ్ముల ఒక్క మాట అడగకుండ టైమెట్ల మారుస్తరు?" కారులోని వాళ్లంతా ఏకగ్రీవంగా తలలూపారు.

బడి ముందు దిగేసరికి ఎక్కాలు సాగుతున్నాయి. చెప్పిస్తున్న గొంతు మాత్రం వేరు. "శ్రావణేది?" అని మల్లక్కనడిగారు.

"లెక్కల్ల తప్పింది గద సార్. మిరపకాయ ఏరవోయింది."

ఆయనకు సిగ్గేసింది. కానీ తప్పెవరిదని చూస్తే, ఆ రోజు అందరూ చేతులెత్తారు, ఆ పిల్లతో సహా. సమష్టి నిర్ణయంలో సిగ్గు కూడా పంచుకోవలసిందే కనుక, ఆయన వాటాకు కొంచెమే వచ్చింది. రెండో పీరియడ్ కల్లా అదీ పోయింది.

కారులో ఇంకొకరికి చోటుంది. మీ పిల్లల బస్సు వెళ్లాకే బయలుదేరుతుంది, రండి.