గేటు వెనక ఐదు చారలు

"వదినా! ఒక మహామేధావి ఉన్న ఇంట్లో కాపురం చేస్తున్నావు. భయపడకు," అన్నాడు మా మరిది వెండెల్.

వాడు భయపడకు అంటేనే నాకు భయం మొదలవుతుంది.

మంచు కరిగాక, చెక్క గేటు వెనక, కింద ఎవరూ చూడని చోట వాడికి జానెడేసి చారలు ఐదు కనిపించాయట. పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.

"ఇంట్లో ఎంతమందిమి?"

"మీ అన్నయ్య, నేను, పిల్లలిద్దరు, నువ్వు. ఐదుగురం."

"అదీ! మృత్యుపట్టిక!"

మొదటి చార పూర్తిగా ఊడిపోయింది. రెండోది పొక్కులెత్తింది. మూడు, నాలుగు వెలిసిపోయాయి. ఐదోది మాత్రం నిగనిగలాడుతోంది.

"ఒకటో నంబరు ఇంటి పెద్ద," అన్నాడు మెల్లగా.

మా ఆయన చేపల పడవ మీద సముద్రంలోకి వెళ్లి పదకొండు రోజులైంది. కబురు లేదు. పిల్లల్ని బడి మాన్పించాను. చిన్నది తుమ్మితే పరిగెత్తి నాలుగో చార చూసొచ్చాను.

"మరి ఐదు నువ్వేగా? చెక్కు చెదరలేదేం?"

"నేరస్థులకి నేనంటే హడల్, వదినా."

కాఫీ చల్లారేలోపు హంతకుణ్ణి కూడా తేల్చేశాడు. పక్కింటి ఎమరీ గారు, నలభై ఏళ్లు పడవలు కట్టిన పెద్దాయన. ఐదో చార తారు వాసన కొడుతోంది, ఆయన చేతులూ తారు వాసనే. మా రేవులో సగం మంది చేతులు అదే వాసనని ఎవరు చెప్పాలి? మా ఆయన ఊళ్లో లేనప్పుడు పొయ్యి పొగలు కక్కినా, కారు మొరాయించినా వచ్చేది ఆయనొక్కడే. ఆయనకి కోపమొస్తే మా గతేంటి?

వెండెల్ వింటేనా! సెప్టెంబరు నుంచి మూలపడున్న అపరాధ పరిశోధన కోటు తొడుక్కుని ఆయన్ని గేటు దగ్గరికి పిలిచాడు.

"వేళ్లు చూపించండి!"

"ఎందుకురా, గోళ్లు తీస్తావా?"

జేబులోంచి భూతద్దం సర్రున లాగాడు. దాంతోపాటు ఓ మడత కాగితం ఊడి ఎమరీ గారి బూట్ల మీద పడింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. కోడి కెలికినట్టుండే ఆ రాత వెండెల్‌దే.

"గేటుకి పూత పరీక్ష. ఒకటి, చవక వార్నిష్. రెండు, తెల్ల రంగు. మూడు, నాలుగు, కొట్లో నూనెలు. ఐదు, ఎమరీ గారిచ్చిన తారు నూనె. చలికాలం దాటాక ఏది నిలిస్తే గేటంతా అదే. మర్చిపోకూడదు."

"చెప్పానా! నేరస్థుడు మనకి బాగా దగ్గరివాడని!" అన్నాడు మహామేధావి.

నేను మృత్యుపట్టిక సంగతంతా చెప్పి, క్షమించమని ఎమరీ గారి చేతులు పట్టుకున్నంత పని చేశాను.

"పోనీలే అమ్మాయ్. ఈ ఉప్పుగాలికి నా నూనే నిలిచింది, అది చాలు. డబ్బా ఇస్తాను. ఐదో నంబరు వీడిదేగా, వీడితోనే పూయించు. నూనె గుడ్డలు మాత్రం ముద్ద చేసి పడెయ్యకండి, వాటంతటవే నిప్పంటుకుంటాయి."

ఇంకేముంది, నాకు నిద్ర కరువైంది.

శనివారం మా ఆయన వచ్చాడు. రెండు చేతులతో గేటు తోశాడు. పూత ఇంకా ఆరలేదు.

"ఎవడ్రా ఈ పని చేసింది?" అని అరిచాడు. అంత కమ్మని కేక నా జన్మలో వినలేదు.

వెండెల్ కోటు కోసం లోపలికి పరిగెత్తాడు. అది నూనె గుడ్డలతో పాటు నీళ్ల బకెట్లో నానుతోంది. కోటు అంచున చిన్న నూనె మరక కనిపించింది మరి. నా భయం నాది.