మనుషులుంటే వెలిగే దీపం

వంటింటి దీపానికి స్విచ్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఆ ఇంట్లో ఏర్పాటైన సంఘం ఆదివారం ఉదయం హాల్లో తొలిసారి సమావేశమైంది. ఇంటి పెద్దాయన అధ్యక్షత వహించారు. ఆయన భార్య, కొడుకు, గోడలు తవ్వడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ సభ్యులుగా పాల్గొన్నారు. వంట చేసేది కోడలే అయినా ఆమె హాజరు కాలేకపోయింది. వంటిల్లు బాగుచేయిస్తున్నందున వరండాలోకి మారిన స్టవ్ మీద సభ్యులకు కాఫీ పెడుతోంది.

పాత స్విచ్ వంటింటి బయట, హాలు గోడకు ఉండేది. అది ఇల్లు కట్టినవాడి దూరదృష్టి. లోపల వంట చేసేవాళ్లకు దీపం కావాలో వద్దో బయట కూర్చున్నవాళ్లకు కదా తెలిసేది! పెద్దాయన ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసులో ఖాళీ గదుల్లో లైట్లు, ఫ్యాన్లు ఆర్పిన ఘనుడు. ఆయన హయాంలో ఫైళ్లు కదిలాయో లేదో గాని, ఒక్క ఫ్యాను కూడా వృథాగా తిరగలేదు. రిటైరయ్యాక ఆ దీక్షను ఇంటికి తెచ్చుకున్నారు. వంటింట్లో స్టవ్ గోడ మలుపు చాటున ఉంటుంది. గుమ్మంలోంచి చూస్తే గిన్నెల అల్మరా తప్ప ఏమీ కనిపించదు. హాల్లో పచార్లు చేస్తూ ఆయన అటు ఒక చూపు విసిరి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, టక్కున ఆర్పేసేవారు.

"మామయ్యగారూ, నేనున్నానండీ!" అని చీకట్లోంచి కోడలు కేక పెట్టేది.

"ఓ, నువ్వా అమ్మా! ఎవరైనా ఉన్నారేమోనని కంగారుపడ్డాను," అంటూ ఆయన మళ్లీ వేసేవారు.

ఈలోగా కూరలో ఉప్పు రెండోసారి పడిపోయేది. ఉల్లిపాయ తప్పించుకుని బొటనవేలు తెగేది. వేలికి కట్టు చూసినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఆమె పరధ్యానం గురించి ఎంతో బాధపడేవారు. అందుకే గోడలు తవ్వుతారని తెలిసిన రోజు ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. స్టవ్ పక్కన, చెయ్యి చాస్తే అందే చోట ఒక్క స్విచ్. ఆమె కోరిక అంతే. అక్కడ సుద్దముక్కతో గుర్తు కూడా పెట్టుకుంది. భర్తకు చెబితే "చూద్దాంలే" అన్నాడు. అతను చూద్దామన్న పని ఏదైనా అటకెక్కుతుందని అనుభవమే. కాకపోతే ఈసారి వంటింటి అటకను కూడా పగలగొట్టారు కదా అని ధైర్యం తెచ్చుకుంది.

సభలో అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "దీపం వంటింటిదే కావచ్చు. బిల్లు మాత్రం ఇల్లంతటిదీ. కాబట్టి స్విచ్ అనేది బాధ్యత గల మనిషి చేతికి అందుబాటులో ఉండాలి." ఆ మనిషి ఎవరో వినయం కొద్దీ ఆయన చెప్పలేదు. తన పడక్కుర్చీ పక్క గోడను మాత్రం చూపించారు.

పెద్దావిడ ఒప్పుకోలేదు. "నా మంచం పక్కన పెట్టించండి. కోడల్ని పిలిచి పిలిచి నా గొంతు పోతోంది. రెండుసార్లు వేసి ఆర్పితే కాఫీ అని, మూడుసార్లయితే వేణ్ణీళ్లని అదే తెలుసుకుంటుంది."

కొడుకు బాధ వేరు. వంటింటి వెలుగు టీవీ తెర మీద పడుతోంది. "సరిగ్గా బంతి వేసే టైముకే అక్కడ లైటు వెలుగుతుంది నాన్నా! వికెట్టు పడిందో లేదో పక్కింటివాళ్ల అరుపుల్ని బట్టి తెలుసుకోవాల్సి వస్తోంది," అన్నాడు. అతని కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

ఎలక్ట్రీషియన్ ఎవరి మనసూ నొప్పించని మనిషి. పెద్దాయన చూపిన చోట "పెట్టేద్దామండి" అన్నాడు. పెద్దావిడతోనూ, అబ్బాయితోనూ అదే మాట అన్నాడు. తలా ఒక స్విచ్, ఎవరు నొక్కినా వెలుగుతుంది, ఎవరు నొక్కినా ఆరుతుంది. ఇంతటి అధికార వికేంద్రీకరణ ఏ ఇంట్లోనూ జరగలేదని అధ్యక్షులవారు అభినందించారు.

అప్పుడే కాఫీలు తెచ్చిన కోడలు, ట్రే పట్టుకునే, "స్టవ్ దగ్గర కూడా ఒకటి పెడితే..." అంది.

"ఇంతమంది దగ్గర స్విచ్‌లుండగా నీకెందుకమ్మా శ్రమ? ఎవర్నడిగినా వేస్తాం కదా!" అన్నారు పెద్దాయన ఎంతో ఆప్యాయంగా.

"అక్కడ తడి ఉంటుందమ్మా, షాకు కొడుతుంది," అని ఎలక్ట్రీషియన్ కూడా వంత పాడాడు. ఆమె క్షేమం దృష్ట్యా ఆ కోరికను ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. సుద్ద గుర్తు మీద మధ్యాహ్నానికల్లా సిమెంటు పడింది. ఆమెకు ఏడుపొచ్చింది. సిమెంటు దుమ్మేమో అని అందరూ సరిపెట్టుకున్నారు.

స్విచ్‌లు బిగించి, స్టవ్‌ను లోపలికి మార్చిన సాయంత్రం పెద్దాయన పొదుపు కోసం ఆర్పారు. పెద్దావిడ కాఫీ కోసం రెండుసార్లు కొట్టింది. కొడుకు ఆట కోసం మళ్లీ ఆర్పాడు. కాఫీ రాలేదని పెద్దావిడ ఈసారి కసిగా కొట్టింది. కోడలికి అవి కాఫీయో వేణ్ణీళ్లో అర్థంకాక రెండూ పొయ్యి మీద పెట్టింది. బల్బు పిచ్చెక్కి మాడిపోయింది.

ఈ సంక్షోభంలో అల్లుడుగారు భోజనానికి విచ్చేశారు. ఆయన పనిచేసే ఆఫీసులో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, కొళాయిలు వాటంతటవే నీళ్లు పోస్తాయి. "ఇంకా స్విచ్‌లేంటి మామయ్యా! సెన్సర్ పెట్టించండి. మనుషులుంటే వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది," అని నవ్వారు. అల్లుడి మాట కాదనడం ఆ ఇంటావంటా లేదు. ఇంటికి కప్పు వద్దని ఆయన సెలవిచ్చినా నిచ్చెన ఎక్కడుందని వెతికేవాళ్లే. స్విచ్‌లన్నీ పీకేశారు. మాట్లాడుతూ అల్లుడుగారి వేలు గుమ్మం వైపు తిరిగింది కనుక సెన్సర్ గుమ్మం మీదే, హాలు వైపు చూస్తూ వెలిసింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దాయన గుమ్మం దాకా నడిచారు. దీపం వెలిగింది. చప్పట్లు మోగాయి. "ఇకనుంచి ఎవరున్నారో, ఎవరు లేరో దీపానికే తెలుసు. నా బాధ్యత తీరింది," అంటూ ఆయన రెండోసారి రిటైరయ్యారు.

గోడ మలుపు చాటున ఉన్న కోడలు మాత్రం ఆ దీపం కంటికి ఆనలేదు. ఆమె గరిటెతో గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపితే వెలిగేది, స్టవ్ దగ్గరికి చేరేసరికి ఆరిపోయేది. "వంటయిందా?" అని ఎవరైనా గుమ్మంలోకి వస్తే ధగధగా వెలిగి, వాళ్లు వెళ్లగానే కొండెక్కేది. చెప్పుకుంటే పెద్దాయన జాలిపడ్డారు. "మరీ ఆ మూలన నిలబడితే ఎలాగమ్మా? కాస్త మనుషులు తిరిగే చోట నిలబడాలి." భర్త యథాప్రకారం చూద్దామన్నాడు.

ఒక సాయంత్రం అల్లుడుగారు మళ్లీ భోజనానికి వచ్చారు. చెయ్యి ఊపి ఊపి కోడలి భుజం పడిపోయింది. చివరి వెలుతురులో ఇప్పుడే వేయించి దించిన బంగాళాదుంప ముక్కలు పక్కన ఉన్నాయి. మిగతా వంట ఎక్కడిదక్కడే ఉంది. ఆమె స్టవ్ ఆర్పేసి, స్టూలు లాక్కుని, ఊరికే కూర్చుంది.

"కోడలేదీ?" అని హాల్లో పెద్దావిడ గొంతు వినిపించింది.

"వంటింట్లో లేదమ్మా. లైటు లేదు చూడు," అన్నాడు కొడుకు.

"సెన్సర్ పొరపాటు పడదు అత్తయ్యా," అని అల్లుడుగారు హామీ ఇచ్చారు.

పడగ్గదులు వెతికారు. మేడ మీదికి వెళ్లి పిలిచారు. పక్కింటివాళ్లను అడిగారు. 'ఇక్కడే ఉన్నానండీ' అనబోయి, అలవాటు కొద్దీ ఆమె నోరు తెరిచింది. తెరిచిన నోట్లో ఒక బంగాళాదుంప ముక్క వేసుకుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. పెళ్లయిన తర్వాత వేడివేడిగా తిన్న మొదటి ముక్క అదేనేమో, ప్రాణం లేచొచ్చింది. కాళ్లు చాపుకుని ఇంకొకటి వేసుకుంది.

హాల్లో ఆకలితో నలుగురూ గంభీరంగా కూర్చున్నారు. మనుషులు లేని వంటింట్లోకి వెళ్లి మాత్రం ఏం చేస్తామని పెద్దాయన సముదాయించారు. అయినా కరెంటు ఎంత ఆదా అవుతోందో చూడమన్నారు.

ఒక్క అడుగు వేసి గుమ్మంలోకి తొంగి చూడవచ్చు కదా అని పాఠకులకు తోచవచ్చు. తమ వంటింటి స్విచ్ ఎక్కడుందో తడుముకోకుండా చెప్పగలిగినవారు మాత్రమే ఆ ప్రశ్న వేయవలసిందిగా మనవి.