లవంగాలు లేని జిగురు

ఆ శనివారం ఉదయం ఫ్రేమా అనుకున్నది చిన్న పనే. తొమ్మిది గంటలలోపు జుట్టు పైకి ముడి వేసుకుని, చెవుల పక్కన రేగే పోగులను అణచి, తల్లి ఏడాది కర్మలో కూర్చోవాలి.

తల్లి ఆచియా పోయినప్పుడు ఆచారం ప్రకారం ఆమె గుండు చేయించుకుంది. ఇప్పుడు జుట్టు మళ్ళీ ముడికి అందేంత పెరిగింది. రెండు రోజులు నల్లదారం చుట్టి దాని ఉంగరాలు సాగదీసింది కూడా. కానీ ముడి వేసుకోవడం ఆమెకు రాదు. చదువుకునే రోజుల్లో బడి నియమం ప్రకారం ఆడపిల్లలందరికీ పొట్టి కత్తిరింపే. ఆ తరువాత తనకు ముప్పై ఏళ్ళు దాటేవరకు తల్లే వేసింది. తెచిమాన్ ఊరి సంత వెనక, ఒకే కుర్చీ ఉన్న చెక్క దుకాణంలో ఆచియా ఊరందరి తలలూ దువ్వేది. సాయంత్రం ఆఖరి తల కూతురిది.

ఆ దుకాణం ఏడాదిగా మూసి ఉంది. తాళంచెవి కుటుంబానికి పెద్ద అయిన మేనమామ తావియా నడుముకు ఉంది. దుకాణాన్ని లాటరీ టికెట్లు అమ్మేవాడికి ఇస్తున్నట్టు ఆయన ఈ రోజు చెప్పబోతున్నాడు. నేల మీద సారా ఒలకబోసి, పోయినవాళ్ళను పిలిచి చెప్పిన మాటకు ఇక తిరుగు లేదు. నెల కిందట ఫ్రేమాను అడిగాడు కూడా. "మీ ఇష్టం మామయ్యా" అంది ఆమె. నాలుగో తరగతి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు తప్ప ఆమె గొంతు పెద్దగా వినపడదు. రోజూ బడి వదిలాక ఆ దుకాణం మెట్టు మీద కాసేపు కూర్చుని వస్తోందని ఎవరికీ తెలియదు.

బయట హర్మటాన్ గాలి వీస్తోంది. ఎడారి దుమ్ముతో ఆకాశం బూడిదరంగులో ఉంది, పెదవులు పగులుతున్నాయి. అలాంటి గాలిలో జుట్టు అణగాలంటే ఆచియా జిగురు ఒక్కటే దారి. బెండకాయలు ఉడికించి, వడకట్టి, షియా గింజల వెన్న, నిమ్మగడ్డి, లవంగాలు వేసి కాచేది. ఫ్రేమా తెల్లవారకముందే అన్నీ సిద్ధం చేసుకుంది. లవంగాల డబ్బా తెరిస్తే ఖాళీగా ఉంది. సరే, లేకుండానే కాచింది. కుండను చల్లారడానికి వంటింటి గట్టు మీద పెట్టి, బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి కుండ బోర్లించి ఉంది.

"పిన్నీ, ఈ కుండలోది ఏమైంది?"

ఆచియా చెల్లెలు పోమా పెద్ద గరిటెతో పులుసు కలుపుతోంది. "ఆ బెండకాయదా? పులుసులో పోశాను. ఎవరో మహాతల్లి వడకట్టి మరీ తెచ్చి పెట్టింది."

"ఎవరని అడగలేదా?"

"కర్మ ఇంటికి వచ్చిన కుండ ఎవరిదని అడుగుతారటే? పంతులమ్మవి, ఆ మాత్రం మర్యాద తెలీదూ!"

నిజమే. కర్మ ఇంటికి ఇరుగుపొరుగు తెచ్చే కుండలకు పేర్లుండవు. కుండ తనదని చెప్పకుండానే ఫ్రేమా గదిలోకి వెళ్ళింది. జుట్టు నీళ్ళతో తడిపి ఎలాగో ముడి వేసుకుంది. అయిదు నిమిషాల్లో గాలి ఆ తడి తాగేసింది.

ముందుగా పెద్దలకు వడ్డించారు. మొక్కజొన్న ముద్ద తుంచి పులుసులో అద్ది నోట పెట్టుకున్న మొదటి మనిషి తావియా. నమలడం ఆపాడు. పక్కవాడూ ఆపాడు.

"ఏమిటిది పోమా?" అన్నాడు చివరకు.

"ఏం, ఉప్పు చాలలేదా అన్నయ్యా?"

"ఉప్పు కాదు. అక్క దుకాణం వాసన."

పోమా గరిటె నాకి చూసింది. గరిటె చేతిలోంచి జారింది. "అక్క చెయ్యే! పొద్దున ఆ గట్టు మీద ఎవరో కుండ పెట్టారు. ఎవరూ లోపలికి రావడం నేను చూడలేదు."

వాకిట్లో కూర్చున్న తివా అవ్వ ఊళ్ళో అందరికన్నా పెద్దది. ఆమె ఒక్కర్తే తినడం ఆపలేదు. "తన కర్మకు తానే వండుకుంది. ఆచియా ఎప్పుడు ఇంకొకళ్ళ వంట మెచ్చుకుంది గనక!" అంది.

నవ్వబోయినవాళ్ళు నవ్వలేదు.

పదింటికి అందరూ పందిరి కింద చేరారు. మధ్యలో మనిషెత్తు ఆచియా ఫోటో, దుమ్ము పడకుండా పైన పలచని ప్లాస్టిక్ కాగితం. దానికి భుజం తగిలేంత దగ్గరగా కూతురి కుర్చీ. తావియా సారా గ్లాసు పట్టుకుని లేచాడు. "ముందు ఫోటో తుడవండి. ఆమె మనల్ని చూడాలి" అన్నాడు.

పోమా తలగుడ్డ విప్పి ప్లాస్టిక్‌ను గట్టిగా రుద్దింది.

"ఆచియా, విను. నీ దుకాణాన్ని మేము..."

ఎవరో చిన్నగా అరిచారు. ఫ్రేమా ఎడమ చెవి పక్కన పోగులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. గాలి ఆగిపోయి ఉంది. అవి మెల్లగా చాచుకుని, ఫోటో వైపు తిరిగి, ఆచియా చేతికి అందేటట్టు నిలబడ్డాయి.

"దువ్వుతోంది" అంది తివా అవ్వ.

తావియా గ్లాసు దించాడు. "అమ్మాయ్, జుట్టు సర్దుకో."

ఫ్రేమా అరచేత్తో అదిమింది. చెయ్యి తీయగానే మళ్ళీ లేచింది.

"కుర్చీ అటువైపు వెయ్యండి. పోమా, ఫోటో మళ్ళీ తుడువు. దుమ్ము పడింది."

కుర్చీ ఫోటోకు అటుపక్కకు మారింది. పోమా తుడిచింది. తావియా గొంతు సవరించుకుని "దుకాణాన్ని..." అన్నాడు. ఈసారి కుడి చెవి పక్కన జుట్టు లేచింది. ముందు వరుస కుర్చీలు రెండు అడుగులు వెనక్కి జరిగాయి. తలగుడ్డలున్నవాళ్ళు వాటిని బిగించుకున్నారు.

ఫ్రేమా లేచి నిలబడింది. అబద్ధం వల్ల మేలు జరుగుతున్నా ఆమెకు ఊరుకోవడం చేతకాదు.

"మామయ్యా, ఇది అమ్మ కాదు. పొడిగాలిలో ప్లాస్టిక్‌ను గుడ్డతో రుద్దితే అది జుట్టును లాగుతుంది. నాలుగో తరగతి పాఠం. చూడండి."

సంచిలోంచి తల్లి దువ్వెన తీసింది. ఆ రోజు పంచిన, ఆచియా ఫోటో అచ్చువేసిన కాగితం ఒకటి చిన్న ముక్కలుగా చింపి బల్ల మీద వేసింది. దువ్వెనను జుట్టులో నాలుగుసార్లు లాగి ముక్కల మీద పట్టింది. ముక్కలు ఎగిరి అంటుకున్నాయి.

"అర్థమైందా?" అంది, తరగతిలో అడిగినట్టే.

అందరూ దువ్వెన వైపే చూస్తున్నారు. ఫ్రేమా దాన్ని తన వైపు తిప్పుకుంది. పళ్ళకు అంటుకున్న ముక్కల్లో ఒకదాని మీద ఆచియా కన్ను ఉంది. అది తెరుచుకునే ఉంది.

"బాబోయ్, చూస్తోంది!" అంటూ పోమా తావియా వెనక దాక్కుంది. తావియా పోమా వెనక దాక్కోవడానికి తిరిగాడు. ఇద్దరూ ఒక చుట్టు చుట్టారు.

"పులుసు కూడా అమ్మ కాదు పిన్నీ" అంది ఫ్రేమా, గొంతు కాస్త పెంచి. "అది నా జుట్టుకు నేను కాచుకున్న జిగురు."

"ఎలా కాచాలో నీకెవరు చెప్పారు?" అన్నాడు తావియా.

"అమ్మ."

"మేమనేదీ అదేగా!"

పందిరి కింద అందరూ తలలూపారు. పాఠం చెప్పినకొద్దీ పిల్లలు తప్పే నేర్చుకుంటున్న తరగతి ఇది.

తావియా నడుము దగ్గర తడుముకుని తాళంచెవి తీశాడు. "నెల కిందట అడిగితే నా ఇష్టం అన్నావు. నీ నోరు చెప్పనిది నీ జుట్టు చెబుతోంది. మళ్ళీ అడుగుతున్నాను, ఆచియా వింటోంది. దుకాణం నీకు కావాలా, వద్దా?"

మర్యాదగా చెప్పగలిగిన మాటలు ఫ్రేమాకు చాలా తెలుసు. అవన్నీ నాలుక దాకా వచ్చి ఆగాయి.

"కావాలి మామయ్యా" అంది. "నాకు కావాలి."

ఆయన సారా ఒలకబోశాడు. కొంత నేల మీద, కొంత తన చెప్పుల మీద పడింది. "దుకాణం ఆచియా కూతురిది" అన్నాడు. ఇక ఆ మాటకు తిరుగు లేదు.

తివా అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చేతులు కడుక్కునే గిన్నెలో అరచెయ్యి ముంచి ఫ్రేమా తల మీద పెట్టి నెమ్మదిగా వెనక్కి నిమిరింది. జుట్టు అణిగిపోయింది. గుండు చేయించుకున్నాక ఆ తలను ఇంకొకరు తాకడం అదే మొదలు. ఫ్రేమా చాలాసేపు కళ్ళు మూసుకునే ఉంది. చెంపల మీద తడి గిన్నెలోదేనని అందరూ అనుకున్నారు, లేదా అనుకున్నట్టు ఊరుకున్నారు.

సోమవారం బడి వదిలాక ఆమె దుకాణం తెరిచింది. అప్పటికే మెట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తావియా.

"మామయ్యా, మీకు బట్టతల కదా."

"తెలుసులేవే. ఎందుకైనా మంచిదని వచ్చాను. కాస్త తుడిచి పంపు."

తుడిచి పంపింది. పోమా సామాను సర్దడానికి వచ్చింది. అల్మారాలు తుడుస్తూ ఆ పులుసు గురించే మాట్లాడుతోంది. "ఎవరు కాస్తేనేం, అచ్చం అక్క వాసనే. నిమ్మగడ్డి ఒక ఎత్తు, ఆ లవంగం ఘాటు ఒక ఎత్తు. పంటి కింద ఒకటి పడింది కూడా."

అద్దం తుడుస్తున్న ఫ్రేమా చెయ్యి ఆగింది. "లవంగాలు నువ్వు వేశావా పిన్నీ?"

"బెండకాయ పులుసులో లవంగాలు ఎవరు వేస్తారే, నీ పిచ్చి గానీ! నువ్వే కదా వేసింది."

ఫ్రేమా అద్దాన్ని ఇంకోసారి, నెమ్మదిగా తుడిచింది.

దానికి నాలుగో తరగతిలో పాఠం లేదు.