చూసినందుకు అరవై పౌండ్లు

ఇంటికప్పు చూసిపోవడానికి కూడా పనివాళ్లు డబ్బులడుగుతున్నారని ఇంగ్లండులో మా హాలిఫాక్స్ ఊరి జనమంతా గగ్గోలు పెడుతున్నారు. నేను మాత్రం ఇది మన మేలుకే వచ్చిందంటాను! అంచనా వేసినందుకు ఫీజు తీసుకోవాలి. వీలైతే రెట్టింపు తీసుకోవాలి.

ఎందుకంటారా? ఊరికే చూసే రోజుల్లో మా వీధి ఎలా ఉండేదో వినండి. శనివారం వాన పట్టుకుని ఏమీ తోచకపోతే ఎవరో ఒక పనివాణ్ని పిలిచేవాళ్లం. ఎదురింటి ఆక్రాయిడ్ గారి ఆవిడ పన్నెండేళ్లలో తొమ్మిది మంది చేత వంటగదికి కొలతలు తీయించింది. వంటగది మాత్రం ఆవిడ కాపురానికొచ్చిన నాడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది!

వచ్చినవాడికి టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, వాళ్లావిడ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో అడిగి, గుమ్మం దాకా సాగనంపుతూ "ఆలోచించుకుని ఫోన్ చేస్తాం" అనేవాళ్లం. ఆ ఫోన్ ఎవరూ చేయరని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఒకరి మొహం మీద వద్దని చెప్పడం కన్నా ఇల్లమ్ముకుని వేరే ఊరు పోవడం మాకు తేలిక.

ఫీజు వచ్చాక ఎంత మర్యాద వచ్చిందో చూడండి! డబ్బిచ్చి పిలిచాం కాబట్టి అతని మాట శ్రద్ధగా వింటున్నాం. నిచ్చెన కూడా మనమే పట్టుకుంటున్నాం. పళ్ల డాక్టరు నోట్లోకి తొంగిచూస్తే ఫీజివ్వడం లేదూ? చిమ్నీలోకి తొంగిచూస్తే ఏం తక్కువ?

అసలు సంగతేమిటంటే, మా కప్పు కారుతోంది. సరిగ్గా మా ఆవిడ మార్జొరీ పియానో మీదే కారుతోంది. తను వీధి పిల్లలందరికీ పాఠాలు చెప్పేది దాని మీదే. ఇప్పుడు దానికి ప్లాస్టిక్ పట్టా కప్పి, నాతో మాట్లాడటం మానేసింది.

అందుకే క్లిఫర్డ్‌ని పిలిచాను. కప్పు పనిలో ఊళ్లో అంతటి నిక్కచ్చి మనిషి లేడు. అరవై పౌండ్లు ముందే పుచ్చుకుని, పైకెక్కి దిగొచ్చి, పని పాడుచేశారన్నట్టు పళ్ల సందున గాలి లోపలికి పీల్చాడు.

"ఎవరు చేశారండీ ఈ పని?"

చేసింది మా బావమరిది డెరెక్. ఏ పలక ఎక్కడ వేయాలో, ఏ మేకు ఎక్కడ కొట్టాలో బొమ్మ గీసి ఉన్న కాగితం చూసుకుంటూ చక్కగా చేశాడు. ఆ కాగితం పోయినేడు మా వంటింట్లో కూర్చుని క్లిఫర్డ్ ఊరికే రాసిచ్చింది. ఆలోచించుకుని ఫోన్ చేస్తానని అప్పుడు నేనే అన్నాను.

దాచలేక ఆ సంగతంతా క్లిఫర్డ్‌కి చెప్పేశాను.

"చిమ్నీ చుట్టూ నీళ్లు దిగకుండా ఏం చేయాలో ఆ కాగితం వెనక పక్క రాశానండీ," అన్నాడు.

నాకు సిగ్గేసింది. అయినా పియానో తలుచుకుని, పని ఎప్పుడు మొదలుపెడతావని అడిగాను. అతను నిచ్చెన బండెక్కించి, టీ బాగుందని చెప్పి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"ఆలోచించుకుని ఫోన్ చేస్తానండీ."

ఇది జరిగి మూడు వారాలైంది. అందుకే పాఠక మహాశయులారా, ఫీజు రెట్టింపు చేయమంటున్నాను. అరవైకి వచ్చి చూసిపోతున్నారు. నూట ఇరవై ఇస్తే ఫోనైనా చేస్తారేమో!