పదకొండు వేల తేడాలు

ఆరోగ్యకార్డుల ప్రోగ్రాము మొత్తాన్ని ముప్ఫై రోజుల్లో పాత కంప్యూటర్ భాషలోంచి కొత్త కంప్యూటర్ భాషలోకి మార్చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. రెండూ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలేనట. రెండింట్లోనూ వారసత్వం అనే సదుపాయం ఉందని విని మంత్రిగారు పరమానందపడి, పర్యవేక్షణ కుమారరత్నానికి అప్పగించారు. కోడు రాసే పని మాత్రం మావారికి పడింది.

మేడమీద పిన్నిగారు వార్త విని గోడ పట్టుకుంటూ దిగి వచ్చారు. ఆవిడ కళ్లకు ఆపరేషన్ కావాలి. కార్డు చెల్లదు. ఇంటిపెద్ద పోతే భార్యను కూడా పోయినట్టే రాసుకోవడం పాత ప్రోగ్రాముకు అలవాటు.

"అబ్బాయ్, కొత్తదాంట్లోనైనా నన్ను బతికించు."

"బతికించేశాను పిన్నిగారూ. రెండు లైన్ల పని," అన్నారు మావారు.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి చూశారు. జవాబుల్లో ఒక్క తేడా రాకూడదని నియమం. పదకొండు వేలు వచ్చాయి. పిన్నిగారిని సాక్ష్యానికి తీసుకుని ముగ్గురం ఆఫీసుకెళ్లాం.

"నిన్ను కోడు మార్చమన్నామా, ప్రాణాలు పోయమన్నామా?" అన్నారు డైరెక్టరుగారు.

"సార్, వాళ్లంతా బతికే ఉన్నారు. ఇదుగో, ఈవిడే!"

డైరెక్టరుగారు లేచి నమస్కరించారు. మర్యాద తెలిసిన మనిషి.

"మీరు బతికుండటం మాకూ సంతోషమేనమ్మా. కానీ పాత భాషలో పోయినవాళ్లు కొత్త భాషలో లేచి కూర్చుంటే లెక్క తప్పదూ? ఎల్లుండే ప్రారంభోత్సవం."

"మరి నా కళ్లు, బాబూ?"

"రెండో దశలో చూద్దాం."

మావారు నావైపు చూడకుండా ఆ రెండు లైన్లూ తీసేశారు. పదకొండు వేలమందీ మళ్లీ పడుకున్నారు. తేడాలు సున్నా. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫలితాలు సరిగ్గా ఉన్నాయని కార్డుదారు ఒకరు సంతకం పెట్టాలట. ఎదురుగా ఉన్నది పిన్నిగారే.

"పెడితే రెండో దశ తొందరగా వస్తుందమ్మా," అన్నారు డైరెక్టరుగారు.

గీత ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపిస్తే ఆవిడ తడుముకుంటూ పెట్టారు. కింద డైరెక్టరుగారు స్వహస్తాలతో రాశారు: 'పై వ్యక్తి నా ఎదుట స్వయంగా హాజరై, పూర్తి స్పృహతో సంతకం చేశారు.' గుండ్రటి ముద్ర కూడా వేశారు.

పిన్నిగారి ముఖం వెలిగింది. "ఆ కాగితం నకలు ఒకటి ఇప్పించు నాయనా, ఆసుపత్రిలో చూపిస్తాను."

డైరెక్టరుగారు కొత్త ప్రోగ్రాములో ఆవిడ కార్డు నంబరు కొట్టారు. క్షణంలో జవాబు వచ్చింది.

"చనిపోయినవారికి నకళ్లు ఇచ్చే వీల్లేదమ్మా."

పాత ప్రోగ్రాముకు ఈ ముక్క చెప్పడానికి నలభై నిమిషాలు పట్టేది.