అయిదో బోల్టు సమ్మతి

పాత ఇంజన్ విప్పి తీసిన బోల్టులను మళ్లీ బిగించాలంటే ముందుగా వాటి సమ్మతి తీసుకోవాలి. ఘాటు రోడ్డు మొదట్లో ఉన్న ఆ ఊళ్లో ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతే. రవాణా కార్యాలయం గుమస్తా వచ్చి సాక్షిగా కూర్చుంటాడు. అడగాల్సింది మాత్రం బండి యజమాని. అడిగే ముందు అతను ఒక్కొక్క బోల్టునూ తన చేత్తో డీజిల్లో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవాలి. స్నానం చేయించిన మనిషితో ఏ బోల్టూ కాదనలేదు కాబట్టి ఈ ఏర్పాటు ఇన్నాళ్లూ సాఫీగా నడుస్తోంది.

తాతగారి నుంచి పైడిరాజుకి వచ్చిన జీపు ఇంజన్ హెడ్డు దించిన రోజు అతని భార్య హైమ కూడా మెకానిక్ గవర్రాజు షెడ్డుకి వచ్చింది. పెళ్లయి నెల కాలేదు. బోల్టుల స్నానం చూడడం ఆమెకదే మొదటిసారి. ఒకదాన్ని అరచేతిలో దొర్లించి, "దీనికి చక్కిలిగింతలండీ," అంది. ఆ మాటకి పైడిరాజు చాలాసేపు నవ్వాడు.

కొత్త బోల్టులు రావాలంటే వారం పడుతుందట. మర్నాడే ఇంటిల్లిపాదీ ఘాటెక్కి మేనత్తకి కొత్త కోడలిని చూపించాలని అతని తల్లి మాటిచ్చేసింది.

మళ్లీ బిగిస్తే పర్లేదా అని పైడిరాజు వరసగా అడిగాడు. మొదటి నాలుగూ పర్లేదన్నాయి. అయిదోది మాట్లాడలేదు. గవర్రాజు దాన్ని పక్కదాని సరసన నిలబెట్టి చూశాడు. వెంట్రుకవాసి పొడుగుంది.

"ఇది సాగిపోనాది బాబూ. ఇంకోపాలి బిగిస్తే ఆగడం కష్టం."

తప్పు తనదే అయినట్టు బోల్టు తల దించుకుంది. మిగతావన్నీ దానికేసి చూశాయి. గుమస్తా ఆవులించాడు.

"అందరూ సర్దుకుంటున్నారు కదా," అన్నాడు పైడిరాజు మెత్తగా. "నువ్వొక్కదానివే ఇలా చేస్తే ఎలా?"

తుడిచిన గుడ్డ మడతపెడుతున్న హైమ చెయ్యి ఆగిపోయింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానెయ్యమని అత్తగారన్న రోజు, తలంటుకుని వచ్చిన ఆమె జుట్టు తువ్వాలుతో తుడుస్తూ పైడిరాజు ఈ మాటే, ఈ గొంతుతోనే అన్నాడు. తన జుట్టు ఎవరైనా అంత ఓపిగ్గా తుడవడం ఆమెకెంతో నచ్చింది.

"పర్లేదండి," అంది అయిదో బోల్టు.

మిగతావీ వరసగా పర్లేదన్నాయి. గుమస్తా సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆఖరి బిగింపులో అయిదో బోల్టు దగ్గర రెంచి పట్టు దొరకక మెత్తగా జారినట్టయింది. గవర్రాజు ఆగి పైడిరాజు మొహం చూశాడు. వద్దనడానికి అప్పటికీ వ్యవధి ఉంది. పైడిరాజు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. మసి పోయాక కూడా సబ్బు రుద్దుతూనే ఉన్నాడు. హైమ నీళ్లు పోస్తూంటే తలెత్తలేదు.

మర్నాడు ఘాటులో మూడో మలుపు దాటేసరికి ఇంజన్ వేడెక్కి ఆవిరి వాసన వచ్చింది. ఎవరూ బండి ఆపమనలేదు. సమ్మతి తీసుకున్న ఇంజనే కదా. వెనక సీట్లో హైమ తోటికోడళ్ల మధ్య ఒదిగి కూర్చుంది. పైడిరాజు అద్దంలో ఆమెను చూశాడు.

"ఇరుగ్గా ఉందా?"

"పర్లేదండి."

అడగకుండానే తోటికోడళ్లిద్దరూ కూడా పర్లేదన్నారు.

పైడిరాజు అద్దాన్ని పక్కకి తిప్పేసి, గేరు మార్చాడు.