ముళ్ళయ్యగారి దేవుడు

ఒక పెద్ద అడవిలో, ఒక మూల వాన కురిస్తే ఇంకో మూలకి కబురుగా మాత్రమే తెలిసేటంత పెద్ద అడవిలో, పులిగారు అధ్యక్షులుగా ఉండేవారు. ఆయన వేటాడేవారు కాదు. వేట మోటుపని అని సభలో తీర్మానం చేయించారు. అందుకని వారానికొక జంతువు వంతు ప్రకారం తనే నడిచి విందుకి వచ్చేది. నడవలేనని మారాం చేస్తే భటులు తీసుకొచ్చేవారు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. పులిగారి మీద చిరుత నిలబడింది.

ఆ అడవిలో భక్తికి లోటు లేదు. అడవికోళ్ళు సూర్యుణ్ణి కొలిచేవి, తోడేళ్ళు చంద్రుణ్ణి, కప్పలు మబ్బుని. పులిగారు ఎవరినీ నొప్పించలేదు. కోళ్ళతో తూర్పుకి తిరిగి కూశారు. తోడేళ్ళతో మెడెత్తి ఊళ వేశారు. కప్పలతో బురదలో చతికిలబడి బెకబెకమన్నారు. నెత్తిన కోళ్ళు పెట్టిన ఎర్రపూల తురాయి, నుదుట తోడేళ్ళు దిద్దిన సుద్దబొట్టు, ఒళ్ళంతా కప్పల బురద. అంత భక్తి ఒంటిమీదికి వచ్చేసరికి, పాపం, చారలు కనబడటం మానేశాయి.

"ఇవన్నీ చిరుత కూడా చేసేసిందండి," అన్నాడు నక్క మంత్రి. "పైగా దాని కూతే బాగుందని కోళ్ళు చెప్పుకుంటున్నాయి."

"మరి ఇంకెవరు మిగిలారయ్యా?"

"ఏదుపందులండి. ముళ్ళకి భయపడి వాళ్ళ గడప ఎవరూ తొక్కలేదు. వాళ్ళు నాస్తికులు."

"అలాగా! చాలా సంతోషం. నాస్తికుల దేవుడెవరు?"

నక్క చెవి గోక్కుని, "కనుక్కోవాలండి," అన్నాడు.

కనుక్కోవడానికి పేషీ అధికారి ఎలుగన్న బయల్దేరాడు. ఎలుగన్న మంచివాడే. కాకపోతే తేనెపట్టులో తలదూర్చే అలవాటు వల్ల చెవుల్లో ఎప్పుడూ మైనం ఉండేది.

అదే పూట ఏదుపందుల పెద్ద ముళ్ళయ్య గుమ్మం దగ్గర చెంగమ్మ అనే లేడి నిలబడి ఉంది. ఆ వారం విందు వంతు ఆమెది. పక్కపక్క పొదల్లో పెరిగారు ఇద్దరూ. రోజూ దేవుడి గురించి పోట్లాడుకోందే వాళ్ళకి పొద్దు గూకేది కాదు.

"వెళ్ళొస్తా ముళ్ళన్నా. దేవుడే చూసుకుంటాడు."

"ఉంటే కదా తల్లీ చూసుకోవడానికి! పారిపోరాదూ?"

"నేను పారిపోతే మా చెల్లిని తీసుకెళ్తారు. పోనీ, నా కోసం నువ్వు ఒక్క దణ్ణం పెట్టకూడదూ?"

ముళ్ళయ్య తల అడ్డంగా ఊపాడు. భటులు వచ్చి చెంగమ్మని తీసుకుపోయారు. ఆమె గిట్టల చప్పుడు వినబడినంతసేపూ ముళ్ళయ్య అక్కడే నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఎలుగన్న వచ్చి అడిగాడు. "ఏవయ్యా ముళ్ళయ్యా, మీ దేవుడెవరు?"

"లేడు!" అని అరిచాడు ముళ్ళయ్య, చెంగమ్మ వెళ్ళిన దారి వంకే చూస్తూ.

"లేడి?"

"లేడు!"

"అదేనయ్యా, లేడి. అరుస్తావెందుకు, నాకేం చెముడా?"

మర్నాడు సర్వమత సభ. అడవి అడవంతా వచ్చింది. వేదిక వెనకాల మద్దిచెట్టుకి చెంగమ్మని కట్టేసి ఉంచారు. సభ అవగానే విందు.

పులిగారు లేచారు. "సూర్యుడు నావాడు! చంద్రుడు నావాడు! మబ్బు నాది! మతం లేకపోవడమనే మతం కూడా నాదే! నాస్తిక సోదరుల ఇలవేల్పు లేడి. ఈ క్షణం నుంచి లేడి నాకూ ఇలవేల్పే!"

చప్పట్లు మోగాయి. నక్క "ప్రభూ, విందు..." అని గొణిగేలోపే పులిగారు ముళ్ళయ్యని లాగి గట్టిగా కౌగిలించుకున్నారు.

పులిగారి నవ్వు చెదరలేదు. కళ్ళల్లోంచి మాత్రం బొటబొటా నీళ్ళు కారాయి.

"ఆనందబాష్పాలు!" అని కప్పలు పరవశించాయి.

ముళ్ళయ్యకి ఒళ్ళు మండింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధమాడని మనిషి, అదే, ఏదుపంది. "అధ్యక్షా! నేనన్నది లేడి కాదు, లే..." అంటూ పక్కకి చూశాడు. మద్దిచెట్టు కింద చెంగమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది.

ముళ్ళయ్య నోటిదాకా వచ్చిన 'డు'ని మింగేశాడు.

"ఊఁ? లే...?" అన్నారు పులిగారు.

"లే... లేడిగారు అనాలండి. దేవుడు కదా, ఉత్తినే లేడి అంటే ఏం మర్యాద?"

అంతే, చెంగమ్మ కట్లు విప్పి వేదిక మీద పీట వేసి కూర్చోబెట్టారు. పులిగారు చొంగ తుడుచుకుంటూ దణ్ణం పెట్టారు. తరవాత అందరూ ముళ్ళయ్య వైపు చూశారు. తప్పలేదు. ముందుకొచ్చి తల వంచాడు.

"ముళ్ళన్నా," అంది చెంగమ్మ నెమ్మదిగా, "ఇంకాస్త వంచు. ఇంకా అనుమానంగానే వంచుతున్నావు."

ఎన్నికల్లో పులిగారే గెలిచారు. కానీ అడవిలో బుర్రలున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. మర్నాడు పొద్దున్నే అడవిపందులు వచ్చి మా దేవుడు కుందేలు అన్నాయి. కుందేళ్ళు వచ్చి మా దేవుడు అడవిపంది అన్నాయి. దుప్పిని కొండముచ్చులు, కొండముచ్చుని దుప్పులు కొలవడం మొదలెట్టాయి. పులిగారు అందరినీ ఆప్యాయంగా కౌగిలించుకుని పంపించారు. ఆ తరవాత విందు వేళకి పళ్ళెం ఖాళీగా ఉంది.

"ఎవరూ రాలేదేమయ్యా?"

"అందరూ ఎవరో ఒకరికి దేవుళ్ళండి," అన్నాడు నక్క. "తింటే మనోభావాలు దెబ్బతింటాయి."

"ఎవరికీ దేవుడు కానివాడు ఈ అడవిలో ఒక్కడైనా లేడా?"

"ఉన్నాడండి. ముళ్ళయ్య."

పులిగారు ఛాతీ తడుముకున్నారు. రెండు ముళ్ళు ఇంకా లోపలే ఉన్నాయి. నిట్టూర్చి, గడ్డి వైపు తిరిగారు.

ఆ సాయంత్రం ముళ్ళయ్య పొద దగ్గరికి చెంగమ్మ వచ్చింది. "చూశావా ముళ్ళన్నా? నా మొర ఆలకించాడు."

"ఆలకించింది ఎలుగన్న తల్లీ. అదీ సరిగ్గా ఆలకించలేదు."

"సరిగ్గా వినబడకుండా చేసిందెవరు?"

"మైనం."

"మైనం పెట్టిందెవరు?"

"తేనెటీగలు."

"ఆ తేనెటీగల్ని..."

"చెంగమ్మా, నువ్విప్పుడు దేవుడివి. దేవుళ్ళు ఇంతింతసేపు వాదించకూడదు."

ఇద్దరూ నవ్వుకుని, పొద్దు గూకేదాకా వాదించుకుంటూనే కూర్చున్నారు.

ఇందులో నీతి కావాలంటే ఇదీ: ఏలేవారి నోట్లో దేవుళ్ళు ఎంత కిక్కిరిసి ఉంటే, అందులో మనకి అంత చోటు తక్కువ.